తాడు తడిమినట్టు

ఆయన పోయి నెల దాటిందని సాక్చీ బజారులో తెలిసింది. నేను బట్టలారేసుకునే నైలాను తాడు కొంటున్నాను. ఎవరో భుజం మీద చెయ్యేశారు. తిరిగి చూస్తే మా పాత వర్క్‌షాపులో క్రేను కింద కలాసీగా చేసినాయన భార్య. కుశలప్రశ్నలయ్యాక ఆవిడ, "నీకు తెల్దేటమ్మా, తాళ్ళాయన పోనాడు గదా. ఊర్లోనే. జొరం తగిలి నాల్రోజులే ఉన్నాడట" అంది. తర్వాత ఇంకా ఏవో చెప్పింది. నేను చేతిలో తాడుని ఒక కొస నుంచి రెండో కొస దాకా వేళ్ళ మధ్య నుంచి లాగుతూ నిలబడ్డాను. కొట్టువాడు విసుక్కుని, "నయా మాల్ హై దీదీ, క్యా దేఖ్ రహీ హైఁ" అన్నాడు. కొత్త సరుకులో అంతగా వెతకడానికేముందని అతని బాధ.

అలా తడిమి చూడడం ఆయన్ని చూసి అబ్బిన అలవాటు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి నా చేత్తో ఆయన పేరు ఒక కాగితం మీద టైపు చేశాను. అది చాలు.

ఎమర్జెన్సీ పోయిన కొత్తలో, పెద్ద కార్ఖానాలకి ఇనప పనులు చేసి పెట్టే ఒక కాంట్రాక్టు వర్క్‌షాపులో నేను టైపిస్టుగా చేరాను. నాకు ఇరవై రెండేళ్ళు. పుట్టి పెరిగింది ఈ ఉక్కు కార్ఖానా ఊళ్ళోనే, కద్మాలో. ఇంట్లో అమ్మానాన్నలు తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్లల్లో నేనొకదాన్ని. నాన్నకి ఆయాసం ముదిరి ముందుగానే రిటైరయ్యారు. ఇద్దరు తమ్ముళ్ళు బడిలో ఉన్నారు. నా ఉద్యోగం ఇంకా టెంపరరీ.

తాళ్ళాయనకి అప్పుడు యాభైకి దగ్గర. పొట్టి మనిషి, వెడల్పాటి అరచేతులు. ఇచ్ఛాపురం వేపు మనిషే గాని, విశాఖ ఓడరేవులో చాలా ఏళ్ళు తాళ్ళ పని చేసి, ఒక తెలుగు ముఠాతో కలిసి మా ఊరొచ్చి ఏడాదిన్నర అయింది. మా షెడ్డులో క్రేను ఇనప రేకుల్ని ఎత్తాలంటే వాటికి ఇనప తాళ్ళు తగిలించాలి. స్లింగులంటారు వాటిని. వాటిని పరీక్ష చేసి, ఏది వాడొచ్చో ఏది వాడకూడదో చెప్పడం ఆయన పని.

పొద్దున్నే వచ్చి, గుప్పెడు దూది పీచు తీసుకుని తాడు చుట్టూ పట్టి, కళ్ళు మూసుకుని మెల్లగా లాగేవారు. ఎక్కడైనా సన్నటి తీగ తెగి ఉంటే దానికి పీచు చిక్కుకుంటుంది. అక్కడ ఆగి, "ముల్లు" అనేవారు. సుద్దతో గీత పెట్టేవారు. ముళ్ళు ఎక్కువైతే ఎర్ర రంగు పూసేవారు. ఎర్ర రంగు పడ్డ తాడుని వాడకూడదు.

"కళ్ళు మూసుకుంటారేం బాబాయ్?" అని ఒకసారి అడిగాను.

"కన్నుకి పైది కనబడతాది పాపా. లోపల తెగింది సేతికే తెలుత్తాది."

హిందీ ఆయనకి అక్కర్లేకపోయింది. ముఠా అంతా తెలుగువాళ్ళు. క్రేను పనంతా చేతి సైగలు. ఆగు, ఎత్తు, దించు, ఇంకాస్త ఎడమకి. ఆ సైగల్లో ఆయనంత స్పష్టంగా మాట్లాడేవాళ్ళు షెడ్డులో లేరు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మూడో నంబరు స్లింగు తెగింది. కింద సోమ్రా అనే కుర్ర కలాసీ ఉన్నాడు. చాయిబాసా దగ్గర పల్లె అతనిది, పెళ్ళై ఏడాది కాలేదు. రేకు కాలి మీద పడింది. ఆస్పత్రిలో మోకాలి కింద తీసేశారు.

విచారణకి కలకత్తా నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. ఆయనకి తెలుగు రాదు. ముఠాలో హిందీ తెలిసినవాళ్ళు లేకపోలేదు గాని, తాళ్ళాయన మాటని హిందీలో చెప్పడానికి మేనేజరు నన్ను పిలిచారు. ముందు తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు. "ఆ తాళ్ళాయనకేమీ కాదు బేటీ, ఒక మందలింపు కాగితం ఇస్తారు. ఫోర్‌మేన్ పేరు బయటికొస్తే మన కాంట్రాక్టే పోతుంది. ఎన్ని పొయ్యిలు ఆరిపోతాయో ఆలోచించు. ఆయన ఏదో పొడుగ్గా చెప్తాడు, నువ్వు చిన్నగా చెప్పు. మరిచిపోయాడని చెప్పు" అన్నారు. లేచి తలుపు దాకా వచ్చి, "వచ్చే నెల నీ పర్మనెంటు కాగితం నా దగ్గరకే వస్తుంది" అన్నారు. బెదిరింపులా అనలేదు. ఒక విషయం గుర్తు చేసినట్టు అన్నారు.

గదిలో ఐదుగురమే. కలకత్తా ఆఫీసరు, మేనేజరు, ఫోర్‌మేన్, ఆయన, నేను. ఆయన నావైపు తిరిగి, ఒక్కొక్క మాటా తీసి టేబుల్ మీద పెట్టినట్టు చెప్పారు.

"రెండు దినాల ముందే సెప్పినానమ్మా. మూడో నెంబరు స్లింగులో తీగలు తెగతన్నాయి, పక్కనెట్టీండని ఫోర్‌మేన్‌కి సేత్తో సూపించినాను. ఎర్ర రంగు పూసినాను. బుధవారం పూసినాను. శుక్రవారం అది మళ్ళీ కొక్కేనికి ఎలగెక్కిందో నాకు తెల్దు. నాను అప్పుడు రెండో షెడ్డులో ఉన్నాను. ఇది రాయమను."

అందరూ నన్ను చూశారు. ఎర్ర రంగు పూసిన ఆ తాడు మర్నాటికే ముక్కలై స్క్రాపులో కలిసిపోయిందని నాకు తెలుసు. నేను ఆఫీసరు వైపు తిరిగి, "ఇన్‌కో ధ్యాన్ నహీఁ రహా, సాబ్" అన్నాను. ఆయనకి చూసుకోవడం గుర్తు లేకపోయిందట, అని.

అంత పొడుగు మాటకి ఇంత చిన్న మాటేమిటని ఆఫీసరు కూడా అడగలేదు.

ఆ మాటలే ఇంగ్లీషులోకి మార్చి నేనే టైపు చేశాను. సంతకానికి కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన వెంటనే సంతకం పెట్టలేదు. చూపుడువేలు మొదటి వరుస మీద ఉంచి, మెల్లగా చివరిదాకా జరిపారు. రెండో వరుస. మూడో వరుస. ఇంగ్లీషు ఒక్క అక్షరం రాని వేలు అన్ని వరుసలూ తడిమింది. అప్పుడు తలెత్తి, "నాను సెప్పిందే ఉంది గదా పాపా ఇందులో" అన్నారు.

"ఉంది బాబాయ్" అన్నాను.

తెలుగులో సంతకం పెట్టారు.

తాళ్ళ పని ఆయన చేతిలోంచి తీసేసి స్క్రాపు యార్డుకి పంపారు. తుప్పు ఇనుము ఏరి కుప్పలు వెయ్యడం. అంత ప్రమాదం జరిగాక ఎవరినో ఒకరిని కదపాలి కాబట్టి తనని కదిపారని ఆయన అనుకున్నారు. వారం తర్వాత భోజనాల వేళ నేను టిఫిన్ డబ్బా విప్పుకుని వరండాలో కూర్చుంటే వచ్చి ఎదురుగా మెట్టు మీద కూర్చున్నారు.

"నువ్వు ఆవేళ మంచి మాట సెప్పినావు. నాకు హిందీ రాదు గాని ఆ మాట తెలిసింది. ధ్యానం అన్నావు. నా పని ధ్యానం నాగ సేత్తానని సెప్పినావు గదా."

కాదని ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. తల ఊపాను.

ఆయన వచ్చింది అందుకు కాదు. సోమ్రా ఆస్పత్రి నుంచి బిర్సానగర్‌లో తన మామ ఇంటికి చేరాడట. అరటిపళ్ళు పట్టుకుని చూడ్డానికి వెళ్తే, సోమ్రా భార్య గుమ్మంలోనే అడ్డంగా నిలబడి ఏదో అని, తలుపు వేసేసిందట.

"ఆ ఆడకూతురు ఏటన్నాదో నాకు తెల్లేదు పాపా. తిట్టినా తెలవాల గదా. నాకు హిందీ నేర్పు. నాను ఎల్లి ఆడితో మాటాడాల."

ఆవిడ ఏమని ఉంటుందో నాకు తెలుసు. తాళ్ళవాడు మరిచిపోవడం వల్లే కాలు పోయిందని ఆఫీసు నుంచి వాళ్ళకి కబురు వెళ్ళింది. నేర్పనని అనలేకపోయాను. నేర్పితే ఒకరోజు ఆయనకి అంతా తెలుస్తుందని కూడా అప్పుడే తట్టింది. మర్నాటి నుంచి పాఠాలు మొదలయ్యాయి.

నేను నేర్పాననడం తప్పు. ఎలా నేర్చుకోవాలో ఆయనకి ముందే తెలుసు. నేను బడిపిల్లలకి చెప్పినట్టు అ ఆ లతో మొదలుపెడితే వద్దన్నారు. ఒక మాట చెప్పమనేవారు. మెల్లగా, మూడుసార్లు. కళ్ళు మూసుకుని వినేవారు. కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ మీద కదులుతూ ఉండేది. తన నోటితో అని చూసి, ఎక్కడో ఆగి, "ఇక్కడ ముల్లుంది. నువ్వు అన్నట్టు నాను అన్లేదు" అనేవారు. ఆ చోటు పోయేదాకా రెండో మాట ముట్టుకునేవారు కాదు. 'ఖానా' లోని ఖకి నాలుగు రోజులు పట్టింది.

కొత్త తాడు వస్తే దానికి తేలిక బరువు కట్టి, ఆ తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ ఎత్తించి చూడడం ఆయన పాత పద్ధతి. మాటల్నీ అలాగే చూశారు. కొత్త మాటని ముందు గేటు బయట టీ కొట్టాయన మీద వాడేవారు. అక్కడ నిలబడితే గేటు చౌకీదారు మీద. చౌకీదారు నవ్వకుండా జవాబిస్తే అప్పుడు ఫోర్‌మేన్‌తో అనేవారు. ఫోర్‌మేన్ దగ్గర తడబడిన మాట మళ్ళీ టీ కొట్టుకి వెళ్ళేది. "బరువుకి ఆగలేదు పాపా, మళ్ళా సూడాల" అని నాకు వచ్చి చెప్పేవారు, ఏ సిగ్గూ లేకుండా.

తాళ్ళకి రేకు బిళ్ళలు కట్టి వాటి మీద నంబరు, ఆఖరుసారి చూసిన రోజు వేస్తారు. ఆయన సిగరెట్ పెట్టెల అట్టలు బిళ్ళలుగా కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక్కో హిందీ మాట తెలుగు అక్షరాల్లో రాసి, తీగకి గుచ్చి నడుముకి వేలాడదీసుకునేవారు. నెల రోజులు వాడని మాటని బయటికి తీసి మళ్ళీ పరీక్ష చేసేవారు. పనికిరాదనుకున్నది చింపేసేవారు. 'శాయద్' అనే మాటని అలాగే చింపేశారు.

"బహుశా అని అర్థం బాబాయ్, అందరూ అంటారు" అన్నాను.

"అంటే అననీ. తాడు శాయద్ బాగుందని సెప్పి కింద మనిసిని నిలబెడతామేటి."

ఆయన అలా ఒక్కొక్క మాటా గట్టిచేసుకుంటూ ముందుకొస్తుంటే నేను వెనక్కి వెనక్కి జరిగాను. గుర్తు, మరపు అనే మాటలున్న వాక్యాలేవీ చెప్పలేదు. ఆయన అడిగితే వేరేవైపు తిప్పాను. కూరగాయల పేర్లు చెప్పాను, వారాల పేర్లు చెప్పాను, ఆయనకి అక్కర్లేని లెక్కలు చెప్పాను. మధ్యలో నా పర్మనెంటు కాగితం వచ్చింది. అమ్మ చేసిన మినపసున్నుండలు ఆఫీసులో పంచాను. ఆయనకీ ఒకటి ఇచ్చాను. తిన్నారు. "మీ నాన్నకి ఊపిరి వచ్చినట్టుంటాది" అన్నారు.

ఐదో నెలలో కాబోలు, ఒకరోజు ఆయన గ్లాసులో సగం టీతో వరండాలోకి వచ్చారు. రోజూలా మెట్టు మీద కూర్చున్నారు.

"పాపా, టీ కొట్టాయన పంచదార ఎయ్యలేదు. అడిగితే ఒక మాటన్నాడు. ధ్యాన్ నహీఁ రహా, కాకా, అన్నాడు. ఏటి దానర్థం?"

నేను డబ్బా మూత పెట్టేశాను. "మరిచిపోయాను అని."

"ధ్యాన్ అంటే మన ధ్యానం కాదేటి?"

"కాదు బాబాయ్. చూసుకోవడం, గుర్తుంచుకోవడం. అది లేకపోయింది అని."

ఆయన గ్లాసు పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నారు. బొటనవేలు వేళ్ళ మీద కదిలింది. ఆ రోజు గదిలో నేను ఎలా అన్నానో అలాగే, ఆ మెల్లటి గొంతుతో, చివర నేను పెట్టిన మర్యాదతో సహా అన్నారు. "ఇన్‌కో ధ్యాన్ నహీఁ రహా, సాబ్."

అర్థం తెలియని మాటని ఐదు నెలలు ఒక్క శబ్దం చెదరకుండా దాచుకున్నారు.

నేను హిందీలో మొదలుపెట్టాను. సిగ్గేసినా ఏడుపొచ్చినా నాకు ఆ భాషే ముందొస్తుంది. నా నౌకరీ, మా నాన్న, మేనేజరు, అంటూ ఏదేదో అన్నాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు, క్రేనుని ఆపినట్టు.

"తెలుగులో సెప్పు. హిందీ అయితే నాను కూడబలుక్కోవాల."

తెలుగులో చెప్పాను. తెలుగులో చెప్పేసరికి సాకులన్నీ రాలిపోయి మూడు నాలుగు వాక్యాలే మిగిలాయి. ఆయన విన్నారు.

"కాయితం మీదా అదే ఉందా?"

"అదే ఉంది."

"నాను అడిగినాను గదా, నాను సెప్పిందే ఉందా అని."

"అడిగారు."

ఆయన టీ గ్లాసు వైపు చూశారు. తాగలేదు. నేను కలకత్తాకి ఉత్తరం రాస్తాను, జరిగింది జరిగినట్టు రాస్తాను, అన్నాను.

"రాత్తే నీ ఉజ్జోగం పోతాదా?"

"పోతుంది."

"నాకు తాళ్ళు మళ్ళా ఇత్తారా?"

"శాయద్" అని నోరుజారాను.

"ఆ మాట నాను సింపేసినాను పాపా" అన్నారు. కోపంగా అనలేదు. మామూలుగా కూడా అనలేదు. సైరను మోగింది. లేచి యార్డు వైపు నడిచి, సగం దూరం వెళ్ళి ఆగి, "కా, కీ సంగతి సగంలో ఉండిపోనాది. రేపు సెప్పాల" అన్నారు.

మర్నాడు వచ్చారు. ఎప్పటిలా కూర్చుని అట్టబిళ్ళలు విప్పారు. నన్ను తిట్టి వెళ్ళిపోతారని రాత్రంతా సిద్ధపడి వచ్చినదాన్ని, ఏ మాట ఆడది, ఏ మాట మగది అని చెప్తూ కూర్చున్నాను. వాళ్ళ హిందీలో రొట్టె ఆడదా అని ఆయన ఆశ్చర్యపోయారు. నాకంటే తనకి ఆ పాఠం ఎక్కువ అవసరం కాబట్టి వచ్చారని తెలుసు. అయినా అది నన్ను క్షమించినట్టేనని లెక్కేసుకున్నాను. అలా లెక్కేసుకోవడం నాకు వీలుగా ఉండింది. ఉత్తరం రాయలేదు. ఇవాళ రాస్తాను, రేపు రాస్తాను అని కొన్నాళ్ళు అనుకున్నాను, తర్వాత అనుకోవడం కూడా మానేశాను. ఆయన ఒక్కసారైనా అడగలేదు.

తాళ్ళ పని ఆయనకి మళ్ళీ ఇవ్వలేదు. మూడేళ్ళు స్క్రాపు యార్డులోనే ఉండి ఊరెళ్ళిపోయారు. ఆ మూడేళ్ళూ, పారేసిన తాళ్ళు కుప్పలోకి వస్తే వాటినీ ఒకసారి తడిమే కుప్పలో వేసేవారు. ఎవరో నవ్వుతూ అడిగితే, "ఎందుకు తెగిందో తెలవాల గదా" అన్నారట.

ఆయన ఊరెళ్ళడం తర్వాతి సంగతి. పాఠాలు ఇంకా నడుస్తుండగా జరిగింది ఒకటి చెప్పాలి.

ఆ ఏడు చలికాలంలో ఒక ఆదివారం నన్ను బిర్సానగర్ రమ్మన్నారు. సోమ్రాతో చెప్పవలసింది ఏడు వాక్యాలుగా తయారుచేసుకున్నారు. నాతో కూడా ఒక్కసారే చెప్పించుకున్నారు, మిగతాదంతా టీ కొట్టులోనూ గేటు దగ్గరా విడివిడిగా బరువు చూసుకున్నవే. దారిలో, "నువ్వు మాటాడొద్దు పాపా. నాను ఎక్కడన్నా తప్పితే సిన్నగా దగ్గు, సాలు" అన్నారు.

సోమ్రా ఇంటి ముందు సైకిలు తిరగేసి ట్యూబుకి అతుకు వేస్తున్నాడు. చంకకర్ర గోడకి ఆనించి ఉంది. ఆయన్ని చూసి తల దించుకున్నాడు. లోపల నుంచి భార్య వచ్చింది. ఈసారి ఆవిడ నోరు తెరిచేలోగా ఆయన హిందీలో, "బెహన్, ముందు నా మాట వినండి, తర్వాత తలుపెయ్యండి" అన్నారు. ఆవిడ ఆగిపోయింది. ఈ మనిషికి మాట వచ్చని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన నిలబడే చెప్పారు. ఆ స్లింగులో తీగలు తెగడం బుధవారం చూశానని, ఫోర్‌మేన్‌కి చూపించానని, ఎర్ర రంగు పూశానని. శుక్రవారం తను రెండో షెడ్డులో ఉన్నానని. అయినా అది తన చేతికిందకి వచ్చిన తాడే కాబట్టి, ముక్కలు చెయ్యకుండా వదలడం తన తప్పేనని. "హమ్‌నే బోలా థా, సోమ్రా. దో దిన్ పహలే బోలా థా." రెండు రోజుల ముందే చెప్పాను. ఎక్కడా ముల్లు తగల్లేదు. నేను దగ్గవలసిన అవసరం రాలేదు.

సోమ్రా చేతిలో ట్యూబు అలాగే ఉంది. తలెత్తి అడిగాడు. చెప్పి ఉంటే, మరి విచారణలో మరిచిపోయానని ఎందుకన్నావు కాకా, అని.

ఏడు వాక్యాల్లో దీనికి జవాబు లేదు. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. నాకు రెండడుగుల దూరంలో ఆయన. ఇప్పుడు నా వైపు తిరుగుతారని, వేలెత్తి చూపిస్తారని భయపడ్డాను. చూపించాలనీ కోరుకున్నాను. ఆయన తిరగలేదు. బొటనవేలు ఒక్కసారి వేళ్ళ మీద కదిలింది.

"ఉస్ దిన్ మేరే పాస్ హిందీ నహీఁ థా" అన్నారు. ఆ రోజు నా దగ్గర హిందీ లేదు. హిందీ అనే మాటా ఆడదే. వెంటనే ఆగి, తనంతట తనే దిద్దుకున్నారు. "నహీఁ థీ."

సోమ్రా ట్యూబు కింద పెట్టి, గోడ పట్టుకుని ఒంటికాలి మీద లేచి, ఆయన భుజం పట్టుకున్నాడు. భార్య లోపలికెళ్ళి స్టూలు తెచ్చి వేసింది. టీ ఇచ్చింది. ఆయన ఆ టీ తాగుతూ, మాటలు వెతుక్కుంటూ, వాళ్ళ ఊరి వానల గురించీ తన ఊరి సముద్రం గురించీ చెప్పారు. నా గొంతులో ఒక్క వాక్యం ఉంది. ఈయన మరిచిపోలేదు, అబద్ధం నేను చెప్పాను. ఆ వాక్యం నాకు తెలుగులో వచ్చు, హిందీలో వచ్చు, టైపు చెయ్యడానికి ఇంగ్లీషులోనూ వచ్చు.

వెళ్ళొస్తామని లేచినప్పుడు సోమ్రా నా వైపు తిరిగాడు. కాకాకి హిందీ మీరే నేర్పారట కదా దీదీ, మీరు నేర్పకపోతే నేను చచ్చేదాకా ఈయన్ని తిట్టుకుంటూ ఉండేవాణ్ణి, అన్నాడు. చంకకర్ర మీద ఆనుకుని, రెండు చేతులూ కష్టంగా జోడించి నాకు దండం పెట్టాడు.

నేనూ చేతులు జోడించి ఆ దండం తీసుకున్నాను.